మావయ్య బల్లకు తలంటు

మా ఇంట్లో మావయ్య పడక కుర్చీ ఒకటి ఉండేది. ఉండేది అని రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు. బాపట్లలో మా వరండాలో ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ కుర్చీలో కూర్చునే పిల్లల లెక్కల పేపర్లు దిద్దాను. రిటైరయ్యాక ఆ కుర్చీలో కూర్చునే ఏమీ చెయ్యకుండా ఉండడం నేర్చుకున్నాను. అలాంటిది ఒకరోజు తెనాలి నుంచి ఎవరో ఫోన్ చేసి, "మేడమ్, మీ మావయ్యగారి కుర్చీ మీ దగ్గరుందట కదండీ, ఇచ్చేస్తారా?" అంటే ఎంత పెద్దమనిషికైనా ఒళ్ళు మండదా?

మా మావయ్య, అంటే అమ్మకు అన్నయ్య, నాటకాలకు తెరలు వేసేవాడు. దర్బారు తెర, అడవి తెర, వీధి తెర. కొల్లిపర నుంచీ కారంచేడు నుంచీ మనుషులొచ్చి, అరుగు మీద కూర్చుని, తెర ఆరేదాకా కదిలేవాళ్ళు కాదు. ఆయనకు పెళ్ళీ పిల్లలూ లేరు. ఆయన పోయాక తెనాలిలోని ఆ పెంకుటిల్లు కొన్నాళ్ళు ట్యూషన్లకూ, కొన్నాళ్ళు కుట్టుమిషన్లకూ, మిగతా రోజులు పావురాలకూ ఉపయోగపడింది. ఇప్పుడు ఊళ్ళో పెద్దలు కొందరు కమిటీగా చేరి దాన్ని బాగుచేయించారు. మావయ్య ఉన్నప్పుడు ఇల్లు ఎలా ఉండేదో అలాగే జనానికి చూపించాలని వాళ్ళ పట్టుదల. గోడలున్నాయి, కిటికీలున్నాయి, ఒక అడవి తెర కూడా మిగిలింది. సామాను మాత్రం ఎప్పుడో చెల్లెళ్ళ ఇళ్ళకు చేరిపోయింది. కుర్చీ అమ్మకు వచ్చి, అమ్మ నుంచి నాకు వచ్చింది. రంగులు కలిపే బల్ల రేపల్లెలో పిన్ని దగ్గరుంది.

ఫోన్ చేసిన అమ్మాయి మ్యూజియం పని చదువుకుని వచ్చిందట. వారం తర్వాత బాపట్ల వచ్చింది. తెల్ల గ్లవుజులు తొడుక్కుని కుర్చీని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. నేను ముప్ఫై ఏళ్ళు వీపు ఆనించిన కుర్చీని ఆవిడ వేలితో తాకడానికి గ్లవుజులు కావాల్సొచ్చాయి.

"గుడ్డ అప్పటిదేనాండీ?"

"నాలుగుసార్లు మార్చాం."

"ఈ కుడి చెయ్యి?"

"మా అబ్బాయి దాని మీద నిలబడి అటక మీద లడ్డూలు తీశాడు. విరిగితే వడ్రంగి కొత్తది వేశాడు."

"వెనక కాళ్ళు?"

"చెదలు తిన్నాయమ్మా."

ఆ అమ్మాయి పుస్తకంలో అన్నీ రాసుకుని, ఎంతో మర్యాదగా, "అయితే అసలుది ఏం మిగిలిందండీ?" అంది. ఇన్నేళ్ళూ వచ్చినవాళ్ళందరికీ ఇది మావయ్య కుర్చీ అని గొప్పలు చెప్పుకున్నదాన్ని, ఆ పూట ఎడమ చెయ్యి ఒక్కటీ చూపించాను. అయినా తీసుకెళతామంది. అలా అన్నందుకు సంతోషించాలో, కుర్చీ పోతున్నందుకు ఏడవాలో తెలియక కాఫీ ఇచ్చాను.

కుర్చీ పరువు పోయింది కాబట్టి బల్ల పరువైనా నిలబెడదామని మొదలుపెట్టాను. "రేపల్లెలో బల్ల చూడమ్మా, అదీ అసలు వస్తువంటే! పైన జానెడు చోటు ఖాళీ లేకుండా రంగు మరకలు. ఒక్కో మరకా ఒక్కో నాటకం. ఆ మరకలు చూస్తే మా మావయ్య చెయ్యి చూసినట్టే." అమ్మాయి కళ్ళు మెరిశాయి. సంచీలోంచి పాత ఫొటో ఒకటి తీసి చూపించింది. కిటికీ కింద బల్ల, బల్ల నిండా కొబ్బరిచిప్పల్లో రంగులు, కింద నల్లగా మరకలు, పక్కన తెల్ల పంచెలో మావయ్య. పంచె మీద చుక్క కూడా లేదు. మా వంశంలో ఇది పురాణం. అడవి మొత్తం వేసి లేచినా ఆయన పంచె మల్లెపువ్వులా ఉండేదని ఇప్పటికీ చెప్పుకుంటాం.

నేను లెక్కల టీచర్ని. మరకల్లేని పంచె ఒకటి, మరకల బల్ల ఒకటి. రెండూ ఒకే ఫొటోలో కళ్ళముందే ఉన్నా కలిపి చూడాలని నాకు తట్టలేదు.

అప్పుడే ఆ అమ్మాయి ఒక చిక్కు చెప్పింది. సంగం జాగర్లమూడిలో ఒకాయన దగ్గర ఇంకో బల్ల ఉందట. మావయ్య బల్లంటే అదేనని ఆయన అంటున్నాడట. దాని మీదా మరకలున్నాయట. కమిటీ అధ్యక్షుడు, రిటైరైన హెడ్‌మాస్టరుగారు, అటు మొగ్గుతున్నారట. కిటికీ కింద చోటు మాత్రం ఒక్క బల్లకే ఉంది.

ఆ సాయంత్రమే పిన్నికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. పిన్ని మావయ్యకు ఆఖరి చెల్లెలు. ఎనిమిదో ఏట అన్నయ్య ఇంటికి చేరి, రేపల్లెకు కోడలిగా వెళ్ళేదాకా ఆయనకు రంగులు కలిపింది. ఇప్పుడు డెబ్బై ఎనిమిది. ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. చీర పెడితే రంగు బాగుందంటుంది, పెట్టకపోతే అసలు గుర్తే చెయ్యదు. అలాంటి పిన్ని ఫోన్‌లో, "ఆ బల్ల మళ్ళీ ఆ కిటికీ కిందే ఉండాలే. నా కళ్ళతో ఒకసారి చూడాలి. వాళ్ళనీ వీళ్ళనీ పట్టుకుని ఎలాగోలా చెయ్యవే" అంది. నాకు తెలిసి ఆవిడ నన్ను అడిగిన మొదటి కోరిక అది. ఎలాగైనా చేయించి తీరాలనుకున్నాను.

కుర్చీ ఇస్తానని, బల్ల చూపిస్తానని ఒప్పుకున్న రోజున ట్రాలీ ఆటోలో కుర్చీ ఎక్కించి, డ్రైవరు పక్కన నేనెక్కి, బాపట్ల నుంచి రేపల్లె బయల్దేరాను. తెనాలి నుంచి ఆ అమ్మాయి రైల్లో వచ్చి అప్పటికే పిన్ని వాళ్ళ గుమ్మంలో నిలబడి ఉంది. గ్లవుజులు తొడుక్కోవడం కూడా మర్చిపోయింది.

"మేడమ్, ఒకసారి లోపలికొచ్చి చూడండి" అంది.

లోపల బల్ల ఉంది. టేకు బల్ల, తళతళలాడుతూ, అప్పుడే వడ్రంగి తెచ్చి దించినట్టుంది. పైన ఒక్క మరక లేదు. నాలుగు కాళ్ళకూ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి.

పిన్ని వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "మూడు రోజులు పట్టిందే. కుంకుడుకాయ రసం పోసి, చింతపండేసి, కొబ్బరిపీచుతో రుద్దాను. బంకనీళ్ళలో కలిపిన రంగు కదా, నానితే ఊడొచ్చేసింది. నడుం వంగక అడుగువైపు మాత్రం వదిలేశాను. ఎలా ఉంది?"

ఎలా ఉందని చెప్పను? ఇన్నేళ్ళూ ప్లాస్టిక్ గుడ్డ పరిచి, దాని మీద గ్రైండరూ ఆవకాయ జాడీలూ పెట్టి, ఒక్క మరక చెరగకుండా కాపాడిన మనిషి, తీరా అవి కావాల్సిన రోజున తలంటి పోసి కూర్చుంది.

మా వైపు ఒక పద్ధతుంది. పక్కింటి గిన్నె తిరిగిచ్చేటప్పుడు తోమి ఇవ్వాలి, ఖాళీగా ఇవ్వకూడదు. పిన్ని రెండోదీ మరవలేదు. అమ్మాయి సొరుగు లాగి చూస్తే లోపల గుప్పెడు బియ్యం, తమలపాకు, బెల్లం ముక్క ఉన్నాయి. అప్పటికే రెండు చీమలు కూడా వచ్చేశాయి.

"మామ్మగారూ, బెల్లం ఎందుకండీ?" అని అమ్మాయి నీరసంగా అడిగింది.

"పుట్టింటికి వెళ్తోంది కదమ్మా, ఒట్టి చేతులతో పంపుతామేంటి?"

అమ్మాయి అధ్యక్షులుగారికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. ఆయన అంతా విని, క్లాసులో మొద్దబ్బాయికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పారు. "మరకలు లేకపోతే అది మామూలు బల్లేనండి. ఆయనదని ఎలా నమ్మమంటారు? నేనైతే సంగం జాగర్లమూడి బల్లే పెట్టిస్తాను." నేను బతిమాలాను. చివరికి, "పోనీ, ఫొటో చూసి మన ఆర్టిస్టు చేత ఆ మరకలు మళ్ళీ వేయిద్దామా?" అన్నారు.

పిన్ని ఫోన్ దగ్గరకు వంగి, "వద్దండి. కావాలని పెడితే అది మరకేంటండి, ముగ్గవుతుంది" అంది.

ఫోన్ పెట్టేశాక నాకు కోపం ఆగలేదు. "మరకలే అసలు విలువని నీకు చెప్పాను కదా పిన్నీ! మావయ్య చేతి గుర్తులన్నీ కడిగేశావు!"

పిన్ని నా ముఖంలోకి వింతగా చూసింది. "మావయ్యవేంటే? అన్నయ్య చుక్క ఒలకబోసే మనిషా? ఆ మరకలన్నీ నావి. రంగు కలిపింది నేను, చిప్పలు మోసింది నేను, ఒలకబోసింది నేను. 'నీకుంది చెయ్యా జల్లెడా?' అని రోజూ తిట్టేవాడు. నువ్వేమో అవి అన్నయ్య మరకలని ఊరంతా చెప్పొచ్చావు. రేపు జనమంతా వచ్చి చూసి, ఈయనెంత అశుభ్రం మనిషో అనుకోరూ? నా పాపం ఆయన నెత్తిన ఎందుకని కడిగేశాను."

ఆ అమ్మాయి పుస్తకం మూసేసింది. ముప్ఫై నాలుగేళ్ళు నిరూపణలు చెప్పి రిటైరైనదాన్ని, ఎదురుగా ఉన్న లెక్కను తప్పు చేశాను. ఆ తప్పుకు శిక్ష మాత్రం పిన్నికి పడేలా ఉంది.

"ఏదైతే అదవుతుంది, బల్ల మాత్రం తీసుకెళదాం" అంది అమ్మాయి. ఆ అమ్మాయి పట్టుబట్టింది కాబట్టి సరిపోయింది, లేకపోతే బల్ల అక్కడే మళ్ళీ గ్రైండరు కిందకు వెళ్ళేది. పిన్ని వాళ్ళ గుమ్మం వెడల్పు కాబట్టి నలుగురు దాన్ని వాల్చకుండా ఉన్నదున్నట్టే ఎత్తి ట్రాలీలో పెట్టారు. అమ్మాయి డ్రైవరు పక్కన ఎక్కింది. పిన్నీ నేనూ పాసింజరు రైల్లో తెనాలి బయల్దేరాం. సొరుగులోంచి తీయించిన బెల్లం ముక్క కాగితంలో చుట్టి పిన్ని ఒళ్ళో పెట్టుకుంది. దారి పొడుగునా కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది. తెనాలి ఇంకో స్టేషనుందనగా, "ఆ బల్ల కిటికీ కింద చేరకపోతే అది నావల్లే కదటే" అంది. కాదంటే అబద్ధమవుతుంది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

అధ్యక్షులుగారు గుమ్మంలోనే ఉన్నారు. మనిషి మర్యాదస్తుడే, కాకపోతే తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ముందు గదిలో గోడకు వేలాడదీసిన అడవి తెర చూపిస్తూ, వచ్చినవాళ్ళకు చెప్పే ఉపన్యాసం మాకూ చెప్పారు. "ఈ ఆకుపచ్చ చూశారా అక్కయ్యగారూ? పండీ పండని మామిడాకు రంగు. ఈ జిల్లాలో ఇంకొకరికి చేతకాలేదండి. ఆ మహానుభావుడికే సాధ్యం."

"అవునండి" అంది పిన్ని, తల వంచుకుని. అప్పుడు ఆవిడ నవ్వు ఎందుకు దాచుకుందో నాకు అర్థం కాలేదు.

ఆటో వచ్చింది. బల్ల దింపారు. గుమ్మం దగ్గర పాతకాలపు ఇరుకు తలుపు అడ్డొచ్చింది. ఇటు పెట్టినా పట్టలేదు, అటు పెట్టినా పట్టలేదు. మోసేవాళ్ళలో ఒకాయన, "పక్కకి పడెయ్యండి బాబాయ్, కాళ్ళు ముందు దూరుద్దాం" అన్నాడు. బల్లను పక్కకు వాల్చారు. అడుగు భాగం మా అందరి వైపు తిరిగింది.

"అయ్యయ్యో, అటు చూడకండి!" అని పిన్ని పరిగెత్తింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి గుమ్మంలో మోసేవాళ్ళ మధ్య దూరి, రెండు చేతులతో పమిట పరిచి బల్ల అడుగును కప్పబోయింది. పమిట ఎంత కప్పుతుంది? దాచడం ఆవిడ వల్ల కాలేదు.

అంచు వెంబడి, ఈ చివర నుంచి ఆ చివరి దాకా, వేళ్ళ గుర్తులు. నీలం, ఎరుపు, పసుపు, గోధుమరంగు, అన్నిటికంటే ఎక్కువగా ఆ మామిడాకు ఆకుపచ్చ. నాలుగేసి వేళ్ళు, ఒకదాని మీద ఒకటి. ఒక మూలన ఉన్నవి చిన్నపిల్ల వేళ్ళు, చిక్కుడు గింజలంత. జరిగేకొద్దీ వేళ్ళు పెరిగాయి. రెండో మూలకు వచ్చేసరికి పెళ్ళీడు మనిషి చేతివి. అప్పట్లో ఈ బల్లను ఇదే గుమ్మంలోంచి బయటికి తెచ్చినవాళ్ళు కూడా వాటిని చూసే ఉంటారు. చెప్పుకోదగ్గ సంగతని ఎవరికీ అనిపించి ఉండదు.

"చేతులు తుడుచుకోడానికి గుడ్డ అడిగితే మళ్ళీ ఒలకబోశావా అనేవాడండి" అని పిన్ని ఎవరికో కాదు, నేలకు చెప్పింది. "అందుకని అన్నయ్య చూడకుండా కింద రాసేసేదాన్ని. వంగలేక ఒక్క అడుగే కడగలేదు. ఇంకో రెండు రోజులుంటే పనిమనిషి చేత అదీ కడిగించేదాన్ని."

ఆ అమ్మాయి చతికిలబడి, గ్లవుజులు తొడుక్కుని, ఒక ఆకుపచ్చ వేలిగుర్తు వైపు చూసి, లోపల తెర వైపు చూసింది. మళ్ళీ ఇటు చూసింది. "సార్, ఒకసారి ఇలా రండి. రెండూ ఒకటే రంగు."

అధ్యక్షులుగారు వచ్చారు. కళ్ళజోడు సర్దుకుని, అంత మనిషీ గుమ్మంలో గొంతుక్కూర్చున్నారు.

"ఆ రంగు అసలు తప్పండి" అంది పిన్ని, ఇంక దాచడం ఎందుకన్నట్టు. "పన్నెండేళ్ళప్పుడు పసుపు ఎక్కువ పడేశాను. తిట్టి, రంగు పారెయ్యలేక వేసేశాడు. కొల్లిపర వాళ్ళు చూసి, మాకూ ఆ అడవే కావాలన్నారు. ఇంక పెళ్ళయ్యేదాకా ఆ తప్పే చేయించాడు."

అధ్యక్షులుగారు చాలాసేపు లేవలేదు. మోకాళ్ళ నొప్పేమోనని మోసేవాళ్ళు చెయ్యి కూడా అందించారు. లేచాక ఆయన అన్నది ఒకటే మాట. "లోపలికి తీసుకెళ్ళండయ్యా. కిటికీ కింద పెట్టండి."

పెట్టారు. పిన్ని దూరంగా నిలబడి చూసి, "ఇంకొంచెం ఎడమకి" అంది. జరిపారు. తర్వాత నేను కిటికీ ఊచలు పట్టుకుని వీధి వైపు తిరిగి ఏడ్చాను. ఎందుకు దాచాలి, బాగా ఏడ్చాను. చిన్నప్పుడు ప్రతి వేసవికీ ఆ ఇంటికి వెళ్ళేదాన్ని. మావయ్య తెర వేస్తుంటే నోరు తెరుచుకుని చూసేదాన్ని. బల్ల దగ్గర తల వంచుకుని రంగు కలిపే పిన్నిని మాత్రం మంచినీళ్ళు కావాల్సినప్పుడే పిలిచాను.

సంగం జాగర్లమూడి ఆయనకు కబురు వెళ్ళింది. ఆ మరకలు ఎప్పుడో గేటుకు వేసిన రంగువని ఆయనే ఒప్పుకున్నాడని విన్నాను. ఆయన్ని ఏమనడానికి నాకు నోరెక్కడిది? నా కుర్చీ కథ నాకు తెలుసు.

రెండు వారాల తర్వాత ఇల్లు జనానికి తెరిచారు. నా కుర్చీ మూలనుంది, దాని పక్కన అట్టమీద ఏయే భాగాలు మార్చారో ఆ అమ్మాయి దయాదాక్షిణ్యాలు లేకుండా రాసిపెట్టింది. బల్ల కింద నేల మీద అద్దం పరిచారు, అడుగువైపు కనిపించేలా. బల్ల అట్ట కోసం మాత్రం నేను ఫోన్‌లో పదిసార్లు పోట్లాడాను. అందులో పిన్ని పేరుంది. ఈ ఇంట్లో వేసిన తెరలకు పదహారేళ్ళు రంగులు కలిపింది ఈమే, ఈ వేళ్ళు ఈమెవే అని ఉంది.

పిన్ని కళ్ళజోడు పెట్టుకుని చదివింది. తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది.

"అన్నయ్య బల్ల మీద నా పేరెందుకే?"

"వేళ్ళు నీవే కదా."

"కలిపింది అని రాశారు. ఒలకబోసింది అని కూడా రాయించాల్సింది. మళ్ళీ ఎవరైనా అన్నయ్యని అనుకుంటారు."

అందరికీ లడ్డూలు పంచారు. అధ్యక్షులుగారు తెర ముందు నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టారు. ఆకుపచ్చ దగ్గరకు వచ్చేసరికి ఆగి, గొంతు సవరించుకుని, ఈసారి కథ సరిగ్గా చెప్పారు. జనమంతా పిన్ని వైపు తిరిగారు. పిన్నికి ఏం చెయ్యాలో తోచలేదు. బల్ల పక్కన నిలబడి, చేతిలోని లడ్డూ గబగబా తినేసింది. చేతులకు నెయ్యి అంటింది. అటూ ఇటూ చూసి, ఎవరూ చూడట్లేదనుకుని, కుడిచెయ్యి బల్ల అంచు కిందకు పోనిచ్చి వేళ్ళు తుడుచుకుంది.

కింది అద్దంలో అంతా కనిపిస్తూనే ఉంది. గ్లవుజుల అమ్మాయి చూసింది, నేనూ చూశాను. అమ్మాయి ఉలిక్కిపడి ఒక అడుగు ముందుకు వేసింది. అక్కడే ఆగి, పుస్తకం తెరిచి, ఏదో రాయబోయి, మూసేసింది.